జబ్బు ఎక్కువున్నవాళ్ళు ముందు

డాక్టరు వచ్చే రోజు. పొద్దున్నే నా బట్టలు నేనే ఉతుక్కుని పెరట్లో దుప్పటి చాటున ఆరేశాను. ఈ మధ్య రోజూ అంతే. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"నేనుండగా మీరెందుకు మావయ్యా ఉతకడం? ఎవరైనా చూస్తే అంటారు."

"అననీ."

"అనేది మిమ్మల్ని కాదుగా, నన్ను."

ఆమె కాసేపు ఆ దుప్పటి వంక చూసింది. తెలివైన మనిషి. ఇంట్లో సబ్బు ఎందుకు తొందరగా అరిగిపోతోందో ఆమెకు తెలుసు. నాతో అనలేదు, మా వాడితో కూడా అన్నట్టు లేదు.

"ఇవాళ డాక్టరొస్తాడు. ఆ మోకాలేదో చూపించుకురండి," అంది.

నా మోకాలు బాగానే ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. చేతిలో ఒక అబద్ధం పెట్టి పంపింది. తీసుకుని బయల్దేరాను.

నాకు మూత్రంలో నెత్తురు పడుతోంది. మొదట్లో ఎప్పుడో ఒకసారి. తర్వాత తరచుగా. ఆ పొద్దున గడ్డకట్టి పడింది. గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

ఆసుపత్రి మా వీధి దాటితే వస్తుంది. పెద్దదేం కాదు. రెండు గదులు, ముందు వసారా, వసారాలో గోడ పొడవునా ఒక బెంచీ. పైన మేం కాల్చిన పెంకులే. పెంకుల బట్టీ నడిచిన రోజుల్లో కట్టింది. అంతకుముందు బట్టీ యజమాని పెట్టిన డాక్టరొకడుండేవాడు. గుమాస్తాల ఇంట్లో ఎవరు తుమ్మినా ముందు వాళ్ళనే చూసేవాడు. ఒకరోజు మట్టి తొక్కే మనిషికి యంత్రంలో పడి కాలు నుజ్జయింది. అతన్ని తెచ్చి డాక్టరు అరుగు మీద పడుకోబెట్టారు. లోపల గుమాస్తా బావమరిదికి చెవిలో గులిమి తీస్తున్నారు. గులిమి తీయడం అయ్యేసరికి అరుగు మీద మనిషి పోయాడు.

ఆ తర్వాత బట్టీవాళ్ళు యజమానిని ఏమీ అడగలేదు. సెలవు పూటల్లో పునాది తవ్వారు. మా నాన్న తవ్వాడు, మా అమ్మ ఇటుకలు మోసింది. కట్టి, తాళంచెవి ప్రభుత్వానికి అప్పజెప్పారు. వైద్యానికి డబ్బు తీసుకోకూడదు. పెద్దవాడా, చిన్నవాడా, ముందొచ్చాడా, వెనకొచ్చాడా చూడకూడదు. జబ్బు ఎక్కువున్నవాళ్ళు ముందు. అదీ షరతు.

మంచి మాట. నేనిప్పటికీ కాదనను.

కాని జబ్బు ఎవరికెక్కువో తేల్చేదెవరు? దానికీ బట్టీ పెద్దమేస్త్రీ దారి చెప్పాడట. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఎవరి బాధ వాళ్ళు పైకి చెప్పాలి. అందరూ వినాలి. విని, అందరూ కలిసి ఎవరు ముందో తేల్చాలి. ఆ పని లోపలివాళ్ళ చేతిలో పెడితే మళ్ళీ గుమాస్తా బావమరిది దిగబడతాడని ఆయన భయం. దాపరికం లేకపోతే మోసమూ ఉండదనుకున్నాడు. మగవాడు, పైగా మేస్త్రీ, పైగా ఒంట్లో ఏనాడూ నలత లేనివాడు. పైకి చెప్పుకోలేని జబ్బులుంటాయని ఆయనకు తట్టలేదు.

బట్టీ మూతపడింది. పొగగొట్టం కూల్చి ఇటుకలు అమ్ముకున్నారు. బెంచీ పద్ధతి మాత్రం మిగిలింది. మావాళ్ళకు అదంటే గర్వం. చుట్టాలొస్తే తీసుకెళ్ళి మరీ చూపిస్తారు. ఒకప్పుడు డాక్టరు రోజూ ఉండేవాడు కాబట్టి ఇవాళ వెనకపడ్డవాళ్ళు రేపు చూపించుకునేవాళ్ళు. ఇప్పుడు ఒక్క డాక్టరే ఊరూరా ఆసుపత్రులు తిరుగుతాడు. మాకు దక్కేది వారానికి ఒక పూట. ఎండ నడినెత్తికి వచ్చేసరికి జీపు వచ్చి ఎక్కించుకుపోతుంది. లోపలికి వెళ్ళనివాళ్ళు మళ్ళీ వారం. ఫోను చేసి వంతు చెప్పించుకోవచ్చని గోడకు కాగితం అంటించారు. చేస్తే పాట వినిపిస్తుంది. పాట అయిపోయాక ఫోను ఆగిపోతుంది.

మా ఆవిడ ఈ బెంచీ మీదే కూర్చునేది. రొమ్ములో గడ్డ. ఒక పక్క మా అన్నయ్య, ఇంకో పక్క బట్టీలో నాతో పనిచేసినవాళ్ళు. నీకేమిటమ్మా అంటే తలనొప్పి అంది. తలనొప్పిని ముందు ఎవరు పంపుతారు? "నాదేముంది, మీరెళ్ళండి," అని జరిగి కూర్చునేది. జరిగి జరిగి ఇంటికొచ్చేసేది. డాక్టరు రోజూ రావడం మానేసింది ఆ ఏడే. నాకూ తలనొప్పనే చెప్పింది. తెలిసేసరికి గడ్డ చంకలోకి పాకింది.

బెంచీని నేను క్షమించలేదు. ఆవిడను అసలే క్షమించలేదు. నోట్లో నాలుక లేదా? ఒక్క మాట అనుంటే బతికేది. మందులేని జబ్బుతో పోయిన మనిషిని తలుచుకుంటే జాలి కలుగుతుంది. సిగ్గుతో పోయిన మనిషిని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది. ఫోటో ముందు నిలబడి తిట్టిన రోజులున్నాయి.

అలా తిట్టిన నేనే ఇప్పుడు మోకాలు అనే అబద్ధం పట్టుకుని మెట్లెక్కాను.

"జరగండి, జరగండి. కాకరకాయ బాబాయ్ వచ్చాడు," అన్నాడు రేడియో.

బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. అందరూ రేడియో అంటారు. ఆపుదామంటే మీట ఎక్కడుందో ఎవరికీ తెలియదు. గొంతు పెద్దది కాబట్టి బెంచీ పెత్తనం వాడిదే. నన్ను వెనకాల కాకరకాయ అంటారని ఎరుగుదును. వాడొక్కడే ముఖం మీద అంటాడు. ఆ మాత్రం నిజాయితీ ఉంది.

చంటిబిడ్డ తల్లి ఒకామె, ఆయాసం ముసలమ్మ, రేడియో, చివర కుట్టుపని చేసే ఆవిడ. బజారు మలుపులో మిషను పెట్టుకుని పిల్లల గౌన్లు కుడుతుంది. మొగుడు లారీ మీద వెళ్తాడు. ఆమె పక్కన చోటుంటే కూర్చున్నాను.

"సరే, అందరూ ఎక్కినట్టేనా? రైట్, రైట్," అన్నాడు రేడియో. "నీ సంగతి చెప్పమ్మా."

"రాత్రి నుంచి ఒళ్ళు కాలిపోతోంది అన్నా బిడ్డకి. పాలు ముట్టట్లేదు."

బెంచీ అంతా ఒకేసారి వెళ్ళమ్మా వెళ్ళమంది. ఆమె లోపలికి పరుగెత్తింది.

"నీకేంటి మామ్మా?"

"ఊపిరి అందట్లేదురా నాయనా."

"మరి ఇందాకట్నుంచి నీ కోడలి మీద అంత సేపు ఎలా చెప్పావే?"

"దాని మీద చెప్పడానికి ఊపిరి అదే వస్తుందిరా."

అందరూ నవ్వారు. ముసలమ్మ నవ్వబోయి దగ్గులో పడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. తర్వాతి వంతు ఆమెదేనని తేలిపోయింది.

"నాది కడుపుబ్బరం," అన్నాడు రేడియో. "పక్కన కూర్చున్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నేను ఆఖరు." కుట్టుపని ఆవిడ వైపు తిరిగాడు. "నీకేమైంది చెల్లెమ్మా?"

"జలుబు," అంది.

"జలుబుకి డాక్టరెందుకు? ఆవిరి పట్టు, పోతుంది."

"పట్టాను అన్నయ్యా. తగ్గట్లేదు."

ఆమె ముక్కు పొడిగా ఉంది. గొంతు మామూలుగా ఉంది. ఎడమ మోచేతిని ఒంటికి అదిమిపెట్టుకుని కూర్చుంది, చంకలో ఏదో పడిపోకుండా పట్టుకున్నట్టు. సంచీ కుడి భుజానికి వేసుకుంది, కింద పెట్టాల్సివస్తే కుడిచేత్తోనే తీసి పెట్టింది. ఎడమచెయ్యి అసలు పైకి లేవలేదు. ఆ కూర్చోవడం నాకు తెలుసు. మా ఇంట్లో వంటగదిలో, మంచం పట్టె మీద, ఇదే బెంచీ మీద చూశాను. అప్పుడు అదేమిటో తెలియదు. ఇప్పుడు తెలుసు.

ఏదో అనాలని ఆమె వైపు తిరిగాను. ఏమనాలి? ఇది జలుబు కాదని పదిమందిలో అనాలా?

"నీకేంటి బాబాయ్?" అన్నాడు రేడియో.

అందరూ నా వైపు చూశారు. నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచాను.

"మోకాలు," అన్నాను.

"ఏ మోకాలు?"

"కుడి."

"మెట్లు టకటకా ఎక్కొచ్చావుగా! నేను చూడలేదనుకున్నావా? కోడలు ఇంట్లో పని చెప్పిందా ఏంటి, తప్పించుకొచ్చావు?"

ముసలమ్మ కూడా ఇకిలించింది. నా చెవులు కాలిపోయాయి. ఆవిడను ఇన్నేళ్ళు ఏ మాటకు తిట్టానో ఆ మాటే నా నోట్లోంచి వచ్చింది. తల బదులు మోకాలు, అంతే తేడా. నోట్లో నాలుక ఉంది, బాగానే కదులుతోంది, అబద్ధం చెప్పడానికి.

"సరే, జలుబా, మోకాలా?" అని బెంచీ తర్జనభర్జన పడింది. మోకాలు వారం ఆగుతుందన్నారు. జలుబు ముదిరితే గుండెల్లోకి దిగుతుందని ముసలమ్మ అంది. కుట్టుపని ఆవిడ ముందు, నేను వెనక, నా తర్వాత రేడియో. న్యాయంగానే తేల్చారు. విన్నదాన్నిబట్టి ఎవరైనా అలాగే తేలుస్తారు.

బిడ్డ తల్లి బయటికొచ్చింది. ముసలమ్మ వెళ్ళి, ముక్కుకి గొట్టం పెట్టించుకుని చాలాసేపు ఉండి ఇంటికెళ్ళింది. ఎండ బెంచీ కాళ్ళ దాకా వచ్చింది. నా పొత్తికడుపులో బరువు మొదలైంది. మళ్ళీ వెళ్ళాల్సి వస్తుంది, మళ్ళీ అదే చూడాల్సి వస్తుంది. చెమట పట్టింది.

నర్సమ్మ తలుపులోంచి తొంగిచూసింది.

"జీపు బయల్దేరిందట. ఇంకొక్కరినే చూస్తారు. ఎవరు?"

కుట్టుపని ఆవిడ లేచింది. కుడిచేత్తో సంచీ తీసుకుంది.

నేను లేచి నిలబడ్డాను. ఆ క్షణంలో ఆమె చెయ్యి గుర్తులేదు, మా ఆవిడ గుర్తులేదు. మళ్ళీ వారమంతా ఆ దుప్పటి చాటు బతుకే గుర్తుంది.

"నాకు మోకాలు కాదు," అన్నాను. "ఒంటేలుకి పోతే నెత్తురు పడుతోంది. చాలా రోజుల్నుంచి. ఇవాళ గడ్డలు పడ్డాయి."

పెద్దగానే అన్నట్టున్నాను. గేటు దగ్గర టీ అమ్మే మనిషి కూడా తల తిప్పి చూశాడు. రేడియో నోరు తెరిచే ఉంది. నేను నా చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాను. అరవై దాటిన మనిషిని, బట్టీ ముందు మండే నిప్పులో చెయ్యి పెట్టి పెంకు తీసినవాణ్ణి, వసారాలో అందరి ముందూ గుడ్డలిప్పుకుని నిలబడ్డట్టయింది.

"బాబాయ్ ముందు," అన్నాడు రేడియో చివరికి, చిన్న గొంతుతో. రూలు అంతే.

కుట్టుపని ఆవిడ కూర్చుంది.

"నాదేముంది, మీరెళ్ళండి బాబాయ్‌గారూ," అంది.

నేను విన్నాను. ఆ మాట ఎవరిదో, ఆ మాట తర్వాత ఏం జరుగుతుందో ఈ ఊళ్ళో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. విని, లోపలికి వెళ్ళాను.

డాక్టరు చిన్నవాడు. తలుపు వేసి, తెర లాగి, గొంతు తగ్గించి అడిగాడు. ఎప్పట్నుంచి? మంట ఉందా? రంగు ఎలా ఉంటోంది? అన్నిటికీ చెప్పాను. చెప్పడం కష్టంగా లేదు. పడుకోమంటే పడుకున్నాను. పొట్ట నొక్కి చూశాడు.

"రాయి కావచ్చు, ఇంకోటి కావచ్చు. పెద్దాసుపత్రికి రాసిస్తాను, ఆలస్యం చెయ్యకండి. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదు?"

"బయట చెప్పాలిగా," అన్నాను.

"బయట ఎందుకు? నాతో చెప్పాలి గాని."

అతను కొత్త. ఆ వసారాలో ఏం జరుగుతుందో అతనికి తెలియదు. తలుపు తీస్తే ఎవరో ఒకరు వస్తారు, చూస్తాడు, అంతే. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆ మాటే విన్నాను. మా ఆవిడ ఈ తెర వెనక నిలబడి ఉంటే చెప్పేది. ఇంత చిన్న గొంతుతో అడిగితే చెప్పేది. ఆవిడకు నోరు లేక కాదు. ఆ నోటికీ ఈ గదికీ మధ్య మేమందరం కూర్చుని ఉన్నాం.

బయటికొచ్చాను. బెంచీ మీద రేడియో ఒక్కడే ఉన్నాడు.

"ఆమేది?"

"వెళ్ళిపోయింది. జలుబేగా బాబాయ్, వచ్చేవారం..."

నేను ఆగలేదు. మెట్లు దిగాను. పొత్తికడుపు పట్టుకుని పరుగులాంటిది పెట్టాను. ఆమె బజారు మలుపుకి చేరకముందే అందుకున్నాను.

"అమ్మాయ్, ఆగు."

ఆగింది. నా ముఖం చూసి భయపడింది. "ఏమైంది బాబాయ్‌గారూ? కూర్చుంటారా?"

"నీది జలుబు కాదు."

ఆమె మోచెయ్యి ఒంటికి ఇంకా దగ్గరికి వచ్చింది. చుట్టూ చూసింది, ఎవరైనా విన్నారేమోనని.

"జలుబే," అంది.

"మా ఆవిడ తలనొప్పి అనేది."

"పిన్నిగారా?" ఆమెకు తెలుసు. ఈ వీధిలో అందరికీ తెలుసు, దేనితో పోయిందో. పోయాక దాచాల్సిన పని ఎవరికుంటుంది?

"ఎలా చెప్పను బాబాయ్‌గారూ?" అంది. "అక్కడ అన్నయ్య ఉన్నాడు, మీరున్నారు. రేపు నేను కొలతలు తీసే ఇళ్ళన్నిటికీ తెలుస్తుంది."

"నాకేం చెప్పక్కర్లేదు. నడు."

"జీపు వచ్చేసింది."

వచ్చేసింది. గేటు దగ్గర ఆగి ఉంది. మేం వెనక్కి వెళ్ళేసరికి డాక్టరు ఒక కాలు లోపల పెట్టాడు. నేను తలుపు పట్టుకున్నాను.

"ఏంటి పెద్దాయనా, మీకు రాసిచ్చానుగా?"

"నాకు కాదు. ఈమెకు."

"టైమైపోయింది. అవతల ఊళ్ళో జనం ఎదురుచూస్తున్నారు. ఏంటామెకు?"

డ్రైవరు వింటున్నాడు. టీ మనిషి వింటున్నాడు. రేడియో మెట్ల మీద నిలబడి వింటున్నాడు. ఆమె నా వెనకాల నిలబడి ఉంది.

"నేను చెప్పను," అన్నాను. "ఆమె కూడా ఇక్కడ చెప్పదు. లోపలికి తీసుకెళ్ళి, తలుపేసి, మీరే అడగండి."

"రూలు ప్రకారం..." అని నర్సమ్మ నీళ్ళు నమిలింది.

"ఆ రూలు పెట్టినవాళ్ళకు పునాది తవ్విపెట్టింది మా నాన్న. నేను చెబుతున్నా. తలుపేసి అడగండి."

అందులో అధికారమేమీ లేదు. మా నాన్న తవ్విన గుంతకు నాకేం హక్కు? నోటికొచ్చింది అన్నాను. డాక్టరు ఆమె వైపు చూశాడు. ఆమె ఎడమచేతి వైపు చూశాడు. కాలు కిందికి దించాడు.

"రామ్మా," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళింది. నర్సమ్మ వెంట వెళ్ళింది. తలుపు పడింది. డ్రైవరు హారను మోగించాడు, ఎవరూ పట్టించుకోకపోతే ఇంజను ఆపేశాడు.

నేను బెంచీ మీద కూర్చున్నాను. రేడియో వచ్చి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. ఇక నా ఒంట్లో సంగతి సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆ సిగ్గు నాకు పెద్దగా అనిపించలేదు. దానికంటే పెద్ద సిగ్గు నా లోపల కూర్చుంది.

"బాబాయ్," అన్నాడు వాడు. "పిన్నిని కూడా... ఆ రోజుల్లో నేనే అడిగేవాణ్ణి కదా, నీకేంటని."

"నువ్వే."

"తలనొప్పేగా అని నేనే వెనక పెట్టాను."

వాడు నా వైపు చూశాడు. ఏదో ఒకటి అంటానని, నీకు మాత్రం ఏం తెలుసురా అంటానని. నేను అనలేదు. వాడికి అంత తేలికైన మాట ఎందుకివ్వాలి? నేను ఇవాళ తెలిసే చేశాను. ఆమె చెయ్యి చూశాను, ఆమె మాట విన్నాను, అయినా ఆమె మీదుగా అడుగేసి లోపలికి వెళ్ళాను. వెనక్కి తీసుకొచ్చానని రేపు కోడలు మెచ్చుకోవచ్చు. ముందు తోసినవాణ్ణీ నేనే.

మా ఆవిడతో ఒక్క మాట చెప్పాలనిపించింది. తిట్టడానికి కాదు. కాని ఇంతకాలం తిట్టిన నోటితో, ఇప్పుడు ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. ఆమె బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో మడిచిన కాగితం ఉంది, నాకిచ్చినలాంటిదే. నర్సమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి మెట్ల దాకా వచ్చింది. డాక్టరు ఎవరినీ చూడకుండా జీపెక్కాడు.

"ఏమన్నారు చెల్లె..." అని రేడియో నోరు తెరిచాడు.

నేను వాడి ముంజెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. వాడు నోరు మూసుకున్నాడు.

ఆమె మెట్ల మీద ఒక క్షణం ఆగింది. మేమిద్దరం నేలకేసి చూస్తూ కూర్చున్నాం. ఎవరమూ ఏమీ అడగడం లేదని తెలిశాక దిగి వెళ్ళిపోయింది.